న్యెమెత్స్, తురెక్, హోర్వాత్: ఇంటిపేరులో జాతిపేరు ఉంటే ఆ మనిషి ఆ జాతివాడేనా?

మీ ప్రశ్నను ఒకసారి కుదించి చెబుతాను. చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో మీతో పనిచేసేవాళ్లలో న్యెమెత్స్, తురెక్, పొలాక్, హోర్వాత్ అనే ఇంటిపేర్లు ఉన్నాయి. మొదటి మూడింటికీ చెక్ భాషలో జర్మన్, తురుష్కుడు, పోలండువాడు అని అర్థమని, నాలుగోది క్రొయేషియావాడిని సూచిస్తుందని మీకు ఎవరో చెప్పారు. వీళ్ల పూర్వీకులు నిజంగా ఆయా జాతులవాళ్లేనా, అయితే ఒక్క ఆఫీసులోనే ఇన్ని జాతులు ఎలా చేరాయి, న్యెమ్‌త్సోవా అనే మరొకామె కూడా న్యెమెత్స్ కుటుంబానికి చెందినదేనా అని అడిగారు.

సూటిగా జవాబు: కొందరి విషయంలో అవును. కానీ ఇంటిపేరు ఒక్కటే చూసి ఆ మాట అనకూడదు. ఇలాంటి పేరు ఎవరూ తమకు తాము పెట్టుకున్నది కాదు, ఇరుగుపొరుగు పెట్టినది. ఆ మనిషి ఎవరో అది చెప్పదు. ఊరివాళ్లకు ఎలా కనిపించాడో చెబుతుంది. నిజంగానే ఆ జాతివాడు కావచ్చు, ఆ దేశానికి వెళ్లివచ్చినవాడు కావచ్చు, అక్కడి సైన్యంతో పోరాడినవాడు కావచ్చు, ఆ భాష నేర్చినవాడు కావచ్చు, ఆ తరహా బట్టలు వేసుకున్నవాడు కూడా కావచ్చు.

నేను రష్యన్, చెక్ భాషల ధ్రువపత్రాలు అనువదించే పనిలో ఉన్నాను. వారసత్వం, పౌరసత్వం, పెళ్లి వ్యవహారాల కోసం పాత చర్చి రిజిస్టర్ల నకళ్లు నా బల్లమీదికి తరచుగా వస్తుంటాయి. మీరు అడిగిన ప్రశ్నే ఆ కుటుంబాలవాళ్లూ అడుగుతారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక సూత్రం పట్టుకోండి. జాతిపేరు ఇంటిపేరుగా మారేది ఆ జాతి సొంతగడ్డ మీద కాదు, పరాయిచోట. అందరూ జర్మన్లే ఉన్న ఊళ్లో ఒకడిని ‘జర్మన్’ అని పిలిస్తే ఎవరు పలుకుతారు? విజయనగరం ప్రాంతం నుంచి వెళ్లి కాశీలో స్థిరపడిన సాధువును కాశీవాళ్లు త్రైలింగ స్వామి అన్నారు. విజయనగరంలో ఆ పేరుతో ఎవరినీ గుర్తుపట్టలేరు, అక్కడ అందరూ తెలుగువాళ్లే కదా. స్లావ్ దేశాల్లోనూ అంతే. చెక్ పల్లెలో న్యెమెత్స్, పోలండులో రుసిన్ (ఉక్రెయిన్, బెలారుస్ వైపువాడు), ఉక్రెయిన్‌లో లిత్విన్, బల్గేరియాలో వ్లాహోవ్, స్లొవేనియాలో ఫుర్లాన్. ఫుర్లాన్ అంటే పక్కనున్న ఇటలీలోని ఫ్రియులి ప్రాంతంవాడు.

ఇక్కడ మీరు వెంటనే అడగవలసిన ప్రశ్న ఒకటుంది. క్రొయేషియాలో అందరికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు హోర్వత్. అంటే క్రొయేషియావాడు! సొంత దేశంలోనే ఆ పేరు ఎలా వచ్చింది? ఆ పేరు దేశమంతటా సమానంగా లేదు, జాగ్రెబ్ చుట్టుపక్కల, ఉత్తరాన వరాజ్దిన్, మెజిమూర్యె వైపు దట్టంగా ఉంది. పదిహేను, పదహారు శతాబ్దాల్లో ఆ ఉత్తర ప్రాంతాన్ని స్లవోనియా అనేవారు. క్రొయేషియా అనే పేరు అప్పట్లో దక్షిణాన సముద్రం వైపున్న భూములది. 1493లో క్ర్బవా మైదానంలో ఒట్టొమన్ (తురుష్క సామ్రాజ్యపు) సేన క్రొయేషియా ప్రభువుల సైన్యాన్ని చిత్తుచేసింది. ఆ తరువాత దశాబ్దాల తరబడి దక్షిణాది జనం ఇళ్లూ పొలాలూ వదిలి ఉత్తరానికి వచ్చారు. అక్కడివాళ్లు ఈ కాందిశీకులను హోర్వత్ అన్నారు. తరువాతి కాలంలో క్రొయేషియా అనే పేరే ఉత్తరానికి జరిగింది. అప్పటి పరాయి ఊరు ఇప్పుడు సొంత దేశం. సూత్రం తప్పలేదు, సరిహద్దు కదిలింది.

ఆ కాందిశీకులు జాగ్రెబ్ దగ్గరే ఆగిపోలేదు. కొందరు నేటి ఆస్ట్రియా తూర్పు అంచుకు, పశ్చిమ స్లొవాకియాకు, మీరున్న దక్షిణ మొరావియాకు కూడా వచ్చారు. మికులోవ్ దగ్గర యెవిషోవ్‌కా, దొబ్రే పోలె, నొవీ ప్షెరోవ్ అనే మూడు ఊళ్లలో క్రొయేషియన్ మాట్లాడే జనం ఇరవయ్యో శతాబ్దం వరకు ఉన్నారు. 1948 తరువాత కమ్యూనిస్టు ప్రభుత్వం వాళ్లను అక్కడినుంచి కదిలించి ఇతర ఊళ్లకు చెదరగొట్టింది. బ్ర్నో నుంచి ఆ ఊళ్లు పెద్ద దూరమేమీ కాదు, వీలైతే వెళ్లి చూడండి.

అయితే మీ సహోద్యోగి పేరు హోర్వాత్ అన్నారు, ఖర్వాత్ అనలేదు. ఈ తేడా ముఖ్యం. చెక్ భాషలో క్రొయేషియావాడికి సహజమైన పాత రూపం ఖర్వాత్, ఆ ఇంటిపేరు అక్కడ బాగానే ఉంది. హోర్వాత్ అనేది హంగరీ భాష మీదుగా వచ్చిన రూపం. స్లొవాకియా వెయ్యేళ్లపాటు హంగరీ రాజ్యంలో ఉంది కాబట్టి అక్కడ ఆ రూపం స్థిరపడింది, ఈనాడు స్లొవాకియాలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే ఇంటిపేరు అదే. కాబట్టి మీ సహోద్యోగి తాతముత్తాతలను ముందుగా స్లొవాకియాలో వెతకాలి. ఇంకొక మాట. స్లొవాకియా, హంగరీ దేశాల రోమా (జిప్సీలని పిలిచే జాతి) కుటుంబాల్లో ఈ ఇంటిపేరు చాలా ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అక్కడినుంచి చెక్ పట్టణాలకు వచ్చి స్థిరపడిన రోమా కుటుంబాలెన్నో ఉన్నాయి. వాళ్లు ఎదుర్కొన్న వివక్ష, ఇప్పటికీ ఎదుర్కొంటున్న వివక్ష చిన్నది కాదు. అందుకే హోర్వాత్ అనే పేరున్న మనిషిని “మీరు అసలు ఎవరు?” అని కాఫీ బల్ల దగ్గర అడగకండి. ఆయనే చెబితే వినండి.

హోర్వత్ పేరు ఎంత దూరం వెళ్లిందో చూపడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ యొవాన్ హోర్వత్ అనే సైనికాధికారిది. ఈయన సెర్బియా జాతివాడు, ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు కొలువులో ఉండేవాడు. 1751లో తన మనుషులతో రష్యా సామ్రాజ్యానికి వలసవెళ్లాడు. మరుసటి ఏడాది నేటి మధ్య ఉక్రెయిన్‌లో ఆయన నాయకత్వంలో ‘నూతన సెర్బియా’ అనే సైనిక వలసప్రాంతం ఏర్పడింది. సెర్బులకు నాయకుడు, పేరేమో క్రొయేషియావాడు! ఉక్రెయిన్‌లో సెర్బిన్ అనే ఇంటిపేరు ఎదురైతే నాకు మొదట గుర్తొచ్చేది ఈ వలసే.

ఇక న్యెమెత్స్ సంగతి. స్లావ్ భాషల్లో ఈ మాటకు మూలం ‘మూగ’ అనే అర్థమున్న ధాతువు. మన మాట రానివాడు అని. మొదట్లో ఇది ఒక్క జర్మన్లకే పరిమితం కాదు. 1652లో జార్ అలెక్సేయ్ మాస్కోలోని విదేశీయులందరినీ ఊరి అంచున ఒక పేటకు పంపాడు. దాని పేరు నెమెత్స్కయా పేట. అందులో జర్మన్లతోపాటు డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, స్కాట్లండువాళ్లు కూడా ఉండేవారు. కాబట్టి రష్యాలో నెమ్‌త్సోవ్ అనే ఇంటిపేరుకు మూలపురుషుడు జర్మన్ అయివుంటే, అది పడమటి దేశాల్లో దేనికైనా వర్తించే ‘జర్మన్’ అని గుర్తుంచుకోండి.

చెక్ భూముల్లో జర్మన్లు, చెక్‌లు శతాబ్దాలపాటు పక్కపక్కనే ఉన్నారు కాబట్టి అక్కడ కథ ఇంకా చిక్కుగా ఉంటుంది. ఐదువందల కొరూనాల నోటు మీదున్న రచయిత్రి బొజెనా న్యెమ్‌త్సోవాను మీరు రోజూ చూస్తూనే ఉంటారు. పంతొమ్మిదో శతాబ్దపు చెక్ జాతీయ పునరుజ్జీవనానికి ఆమె గుండెకాయ వంటిది. పుట్టింటి పేరు పాంక్లోవా. రికార్డుల్లో తండ్రిగా ఉన్న యోహాన్ పాంక్ల్ ఆస్ట్రియా నుంచి వచ్చిన జర్మన్ భాషీయుడు, జమీందారిణి కొలువులో గుర్రబ్బండి తోలేవాడు. ఆమె పెళ్లాడిన యోసెఫ్ న్యెమెత్స్ చెక్ దేశభక్తుడు, ఆ కారణంగానే ప్రభుత్వోద్యోగంలో వేధింపులకు గురైనవాడు. అంటే ‘జర్మన్’ అనే ఇంటిపేరు చెక్ దేశభక్తుడైన భర్త నుంచి వచ్చింది, జర్మన్ ఇంటి తండ్రి నుంచి కాదు. ఇంటిపేరు చూసి జాతి చెప్పేవాళ్లకు ఈ ఒక్క దంపతుల ఉదాహరణ చాలు.

తురెక్ విషయంలో నేను మరీ జాగ్రత్తగా ఉంటాను. చెక్ పల్లెల్లో తురుష్కులు స్థిరపడింది బహు తక్కువ. ఆ పేరు ఎక్కువగా సైనికుల దారిన వచ్చింది. ఒట్టొమన్ యుద్ధాలకు వెళ్లివచ్చినవాడు, అక్కడ బందీగా ఉండి బయటపడినవాడు, చివరికి నల్లటి రంగున్నవాడు కూడా ఊరికి తురెక్ కావచ్చు. ఇంటి గుర్తులు మరొక దారి. 1770లో ఇళ్లకు నంబర్లు వేయకముందు ప్రాగ్ వంటి పట్టణాల్లో ఇంటిని దాని ముఖద్వారం మీది బొమ్మతో గుర్తుపట్టేవారు. బొమ్మ పేరు ఇంటికి, ఇంటి పేరు అందులో ఉండే మనిషికి అంటుకునేది. స్లొవేనియాలోనూ తుర్క్ అనే ఇంటిపేరు ఉంది, 2007 నుంచి 2012 వరకు దేశాధ్యక్షుడైన దనిలో త్యుర్క్ పేరు ఆ కుదురుదే. పొలాక్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పోలండు సరిహద్దు పక్కనే ఉంది, వలసలు నిరంతరం జరిగాయి, నలుగురిలోకీ నేరుగా నమ్మదగ్గ పేరు ఇదే.

ఇప్పటివరకు చెప్పినవి తేలిక. అసలు ఇబ్బంది ఒకే జాతిపేరుకు ఊరూరా అర్థం మారిపోవడంలో ఉంది. వ్లాఖ్ అనే మాట తీసుకోండి. చెక్ భాషలో వ్లాఖ్ అంటే ఇటలీవాడు. కుత్నా హొరాలో ‘ఇటాలియన్ ప్రాంగణం’ అనే పాత టంకశాలను చెక్‌లో వ్లాష్స్కీ ద్వూర్ అంటారు, 1300 ప్రాంతంలో వెండి నాణేలు ముద్రించడానికి ఫ్లారెన్స్ నుంచి నిపుణులను రప్పించారు కాబట్టి. అదే చెక్ భాషలో వలఖ్ అంటే తూర్పు కొండల్లో గొర్రెలు కాసేవాడు. పోలిష్‌లో వ్వోఖ్ ఇటలీవాడు, వొవోఖ్ రుమేనియా వైపువాడు. ఉక్రెయిన్‌లో వొలోషిన్ కూడా రుమేనియా, మొల్దావియావాడే. 1939లో కర్పాతో-ఉక్రెయిన్ అధ్యక్షుడైన అవ్‌గుస్తీన్ వొలోషిన్ ఇంటిపేరు అదే. దక్షిణాన సెర్బియాలో వ్లాహ్ రుమేనియా తరహా భాష మాట్లాడే పశువుల కాపరి. అద్రియాటిక్ తీరపు పట్టణాలవాళ్లకేమో కొండల్లోంచి దిగివచ్చే పల్లెటూరి జనం, ముఖ్యంగా ఆర్థడాక్స్ మతంవాళ్లు, అందరూ వ్లాహ్‌లే. స్లొవేనియాలో అదే మాట అరిగిపోయి లాహ్ అయింది, అర్థం మళ్లీ ఇటలీవాడు. జాతి, వృత్తి, మతం, మూడూ ఒకే మాటలో ఉన్నాయి. సెర్బియా ఫుట్‌బాల్ ఆటగాడు దుషాన్ వ్లాహొవిచ్ ఇంటిపేరు విన్నప్పుడు ‘రుమేనియన్’ అని అనువదించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ పేరుకు మూలమైన మనిషి గొర్రెల కాపరి మాత్రమే అయివుండవచ్చు కదా.

లిత్విన్ కూడా అటువంటిదే. ఈనాటి లిథువేనియాను మనసులో పెట్టుకుని చదివితే దారి తప్పుతారు. పాతకాలపు లిథువేనియా మహాప్రభుత్వంలో నేటి బెలారుస్ మొత్తం, ఉక్రెయిన్‌లో పెద్ద భాగం ఉండేవి. ఆ రాజ్యపు మనిషి ఎవరైనా మాస్కోవాళ్లకు లిత్వినే. ఉక్రెయిన్‌లో ఉత్తరాది బెలారుస్ మాండలికం మాట్లాడేవాళ్లను లిత్విన్ అన్నారు. కాబట్టి లిత్వినెంకో, లిత్వినోవ్ వంటి పేర్ల వెనుక ఎక్కువగా ఉన్నది బెలారుస్ రైతు. లిత్వినెంకో ఇంటిపేరున్న ఒక కుటుంబం లిథువేనియా మూలాలు వెతకడానికి నా దగ్గరికి వచ్చింది. వాళ్ల చేతిలో ఉన్న చర్చి పత్రాలన్నీ ఉత్తర ఉక్రెయిన్‌లోని చెర్నీహివ్ ప్రాంతంవి. లిథువేనియా రాజధాని విల్నియస్‌కు రాయడం మాని చెర్నీహివ్ ఆర్కైవ్‌కు రాయమని చెప్పాను.

మొస్కాల్ అంటే మాస్కో రాజ్యంవాడు, రష్యన్. కానీ పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల ఉక్రెయిన్‌లో మొస్కాల్ అంటే జార్ సైన్యంలోని సిపాయి. అక్కడి పల్లె కుర్రవాడినే పట్టుకుపోయి పాతికేళ్ల కొలువులో పెడితే తిరిగివచ్చేసరికి ఊరికి అతనూ మొస్కాలే. అతని కొడుకు మొస్కలెంకో. అందులో రష్యన్ రక్తం చుక్కైనా ఉండనవసరం లేదు. చెర్కాసోవ్ పేరూ ఇలాగే మోసం చేస్తుంది. పదహారు, పదిహేడు శతాబ్దాల మాస్కో దస్తావేజుల్లో చెర్కాస్ అంటే చాలాసార్లు ద్నీపర్ నది ఒడ్డున ఉండే ఉక్రెయిన్ కోసక్కు, అంటే అక్కడి స్వతంత్ర గుర్రపు యోధుడు. అదే మాట కాకసస్ కొండల సర్కేషియన్లకూ వాడారు. రష్యా జార్ ఇవాన్ ది టెరిబుల్ 1561లో పెళ్లాడిన మరీయా కాకసస్‌లోని కబర్దా ప్రభువు తెమ్ర్యూక్ కూతురు, ఆ వంశానికి చెందిన చెర్కాస్కీ ప్రభువులు నిజంగా సర్కేషియన్లు. చెర్కాస్కీ, చెర్కాసోవ్, వింటే అన్నదమ్ముల్లా ఉంటాయి, మూలాలు దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరం.

రష్యాకు ప్రత్యేకమైన మరో దారి చెప్పాలి. పదిహేను నుంచి పదిహేడో శతాబ్దం దాకా అక్కడ బాప్తిస్మం పేరుతోపాటు ఇంట్లో పిలిచే మరో పేరు ఉండేది. అలా అచ్చమైన రష్యన్ ఇళ్లలోనే పిల్లలకు తతారిన్, మొర్ద్విన్, నెమ్‌చిన్, లిత్విన్ అని పేర్లు పెట్టుకునేవారు. ఆ పేరున్న తండ్రి బిడ్డలు తతారినోవ్, మొర్ద్వినోవ్ అయ్యారు. పేరు నిర్మాణం దగ్గరగా చూడండి: తతార్ జాతి, దానికి ‘ఇన్’ చేరిస్తే ఒక్క తతార్ మనిషి, దానికి ‘ఓవ్’ చేరిస్తే ఆ మనిషి తాలూకు. అంటే తతారినోవ్ అనే మాట చెప్పేది “తతారిన్ అని పిలిచే ఒకాయన సంతానం” అని మాత్రమే. ఆయన్ని అలా ఎందుకు పిలిచారో చెప్పదు. పైగా రష్యన్ కొలువులో చేరి క్రైస్తవం పుచ్చుకున్న తతార్ ప్రభువుల వంశాలకు యుసూపోవ్ వంటి పూర్వీకుడి పేరే ఇంటిపేరుగా నిలిచింది, జాతిపేరు కాదు. తతార్ వారసులను వెతికేవాళ్లు అటువైపు చూడాలి. ఇది చాలదన్నట్టు, రష్యన్ రైతుల్లో ఎక్కువమందికి స్థిరమైన ఇంటిపేరు చేరింది 1861లో వెట్టి రద్దయిన తరువాతే. జమీందారు ఇంటిపేరే రైతులకు అంటగట్టిన ఊళ్లూ ఉన్నాయి.

జాతిపేరులా వినిపించి, కానివి కొన్ని ఉన్నాయి, వీటి దగ్గర తప్పులు ఎక్కువ. గెర్మానోవ్‌కు జర్మనీతో సంబంధం లేదు, గెర్మాన్ అనే సాధువు పేరు నుంచి వచ్చింది. రొమానోవ్ కూడా రోమన్లది కాదు, రొమాన్ అనే మనిషిది. ఫినొగేనోవ్‌లో ఫిన్లండు లేదు, అఫినొగేన్ అనే క్రైస్తవ నామం ఉంది. ష్వేదోవ్ స్వీడన్‌వాడి తాలూకు, ష్వెత్సోవ్ మాత్రం చెప్పులు లేదా బట్టలు కుట్టేవాడి తాలూకు. రచయిత చెహోవ్ ఇంటిపేరు ‘చెక్ జాతివాడు’ అని చాలామంది రాస్తుంటారు. చెఖ్ అనేది పాత స్లావ్ మగపేరు కూడా కాబట్టి ఆ నిర్ధారణ నిలబడదు. దత్తత పేర్లు వేరే. సోవియట్ విదేశాంగ మంత్రి మక్సీమ్ లిత్వినోవ్ బియాలిస్తోక్‌లో ఒక యూదు ఇంట్లో పుట్టాడు, పుట్టినప్పటి ఇంటిపేరు వల్లాఖ్. విప్లవ రహస్య జీవితంలో తీసుకున్న మారుపేరే లిత్వినోవ్.

మరి నిజం ఎలా తెలుసుకోవాలి? పాత రిజిస్టరు ఒక్కటే దారి. అదృష్టవశాత్తు మీరున్న చోటు దీనికి చాలా అనువైనది. దక్షిణ మొరావియా చర్చి రిజిస్టర్లను బ్ర్నోలోని మొరావియా ప్రాంతీయ ఆర్కైవ్ స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. మీ మిత్రుడికి ఆసక్తి ఉంటే ఆయన ముత్తాత పుట్టిన ఊరు, ఏడాది తెలిస్తే చాలు, అక్కడినుంచి ఒక్కో తరం వెనక్కి పోవచ్చు. చదివేటప్పుడు ‘యినాక్’ అనే మాట కోసం చూడండి, లాటిన్ రిజిస్టరైతే ‘ఆలియాస్’ అని ఉంటుంది. “ఫలానా నొవాక్ యినాక్ న్యెమెత్స్” అని రాస్తే, ఆ మనిషికి రెండు పేర్లూ చెల్లుతున్నాయన్నమాట. ఇల్లు మారితే పేరు మారడం అక్కడ మామూలే, న్యెమెత్స్ వాళ్ల పొలానికి అల్లుడుగా వచ్చినవాడు న్యెమెత్స్ అయిపోయేవాడు. 1780లలో రెండో యోసెఫ్ చక్రవర్తి కాలపు సంస్కరణలతో వంశపారంపర్య ఇంటిపేరు గట్టిపడేదాకా ఇది నడిచింది. అందుకని 1750 ప్రాంతపు పేజీల్లో మీ మిత్రుడి వంశం వేరే ఇంటిపేరుతో కనిపిస్తే కంగారుపడవద్దు. జన్యు పరీక్ష చేయిస్తే తేలిపోతుందని కొందరంటారు. అది దూరపు బంధువులను చూపిస్తుంది, ఆ పేరు ఎవరు ఏ కారణంతో పెట్టారో చూపించదు.

చివరగా న్యెమ్‌త్సోవా. ఇది న్యెమెత్స్‌కు స్త్రీ రూపం. తురెక్‌కు తుర్కోవా, పొలాక్‌కు పొలాకోవా, హోర్వాత్‌కు హోర్వాతోవా. మగవారి రూపంలోని ‘ఎ’ స్త్రీ రూపంలో జారిపోవడం న్యెమెత్స్, తురెక్ రెండింటిలోనూ కనిపిస్తుంది. కాబట్టి ఆమె మీ న్యెమెత్స్ గారి భార్యో, చెల్లెలో, కూతురో కావచ్చు. ఏ సంబంధమూ లేకపోవచ్చు కూడా, ఆ ఇంటిపేరు అంత విరివిగా ఉంది. 2022 జనవరి 1 నుంచి చెక్ చట్టం స్త్రీలు ‘ఓవా’ లేని రూపం ఎంచుకోవడానికి వీలు కల్పించింది, అందుచేత ఒకే ఇంట్లో తల్లి న్యెమ్‌త్సోవా, కూతురు న్యెమెత్స్ కావచ్చు. మీరు ఉద్యోగుల కుటుంబ పత్రాలు చూసే పనిలో ఉంటే ఇది ముఖ్యం. భార్యాభర్తల పేర్లు కలవడంలేదని వీసా దరఖాస్తులు వెనక్కి రావడం నేను చూశాను. అనువాదంలో రెండు పేర్లనూ ఒకే రూపానికి మార్చవద్దని, మూలంలో ఉన్నట్టే ఉంచి “ఇది అదే ఇంటిపేరుకు స్త్రీ రూపం” అని కింద ఒక వాక్యం చేర్చమని అనువాదకుడిని అడగండి. నేను ప్రతి పత్రంలో అదే చేస్తాను.